గిన్నె నెత్తిన పెట్టుకున్న సినిమా

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లెలో పిల్లలకు ఏ సినిమా వేయాలన్నా ముందు వనజాక్షక్క చూడాల్సిందే. తల్లులు చేపలు ఎండబెట్టడానికి దిబ్బ మీదికి పోతే పసిపిల్లలంతా ఆమె వసారాలోనే ఉంటారు. బడి మానేసినప్పటి నుంచి నేనూ అక్కడే సాయంగా ఉంటున్నాను.

అక్క సినిమా చూసే తీరు వేరు. నవ్వొచ్చే చోట నవ్వదు. పిల్లలు మర్నాడు తామూ చేసి చూస్తారనిపించే చోట ఆపి, వెనక్కి తిప్పి చూస్తుంది. ఒక సినిమాలో పిల్లవాడు ఫ్రిజ్‌లో దాక్కున్నాడని దాన్ని పక్కన పెట్టేసింది. ముద్దులు, బూతులు ఎవరికైనా కనబడతాయి, ఇవే కనబడవు అంటుంది.

మొన్న పెట్టింది ఒట్టి తిక్క సినిమా. బొమ్మలది కాదు, మనుషులే. ఇల్లు చూసుకోవడం చేతగాని తండ్రి, అల్లరి పిల్లలు. ఆయన సబ్బు నురగలో జారతాడు, పిండి డబ్బాలో తల పెట్టి తుమ్ముతాడు, పిత్తి ఆ నేరం కుక్క మీదికి నెడతాడు. మా పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

అంతలో ఆ తండ్రి అన్నం గిన్నెను నెత్తిన బోర్లించుకుని గంతులు మొదలుపెట్టాడు. చిన్నారి వెన్నెల లేచి టీవీ దగ్గరికి పరిగెత్తింది. తెర మీద రెండు చేతులూ పెట్టి గిన్నెను తిప్పబోయింది.

"ఎల్లకిలా పెట్టు! మా నాయన వేటకి పొయ్యుండాడు!"

మగవాళ్ళు సముద్రం మీద ఉన్నంతసేపు మా పల్లెలో ఎవరూ గిన్నె బోర్లించరు. పడవ బోల్తా పడుతుందని భయం. వెన్నెల తండ్రి ఆదెయ్య ఆ తెల్లవారుజామునే వేటకు వెళ్ళాడు. ఆమె ఏడుపు చూసి మిగతా పిల్లలూ అందుకున్నారు.

అక్క సినిమా ఆపేసింది. ఏడుపులు విని వెన్నెల అవ్వ పోలేరమ్మ దిబ్బ మీద నుంచి ఉప్పు చేతులతోనే వచ్చింది.

"ఏం మే వనజా, నవ్విస్తానని పిలిచి ఇట్టా ఏడిపిస్తా ఉండావే!"

"రెండుసార్లు చూసినానత్తా. గిన్నె తలకి బిగుసుకుంటాదేమో అనే చూసినా. వదులుగా ఉండాదని ఊరుకున్నా. ఇది తట్టలా." అక్క గొంతు తగ్గిపోయింది. "ఇంక నా దగ్గరికి పిల్లల్ని పంపిస్తారో లేదో."

"ఏదీ, ఆ మొగోడిని చూపీ."

పోలేరమ్మ టీవీ ముందు చతికిలబడి చూసింది.

"వీళ్ళింట్లో వేటకి ఎవురు బొయ్యుండారు?"

"ఎవరూ పోలా. అందరూ ఇంట్లోనే."

"మరింకేంది? మొగోడు కళ్ళ ముందరే ఎగరతా ఉంటే, గిన్నె ఎట్టుంటే ఏంది?"

"మా నాయనో?" అంది వెన్నెల.

"మీ నాయన గిన్నె మనింట్లో గదా ఉండేది. పొయ్యి చూసుకోని రా."

పక్కిల్లే. వెన్నెల పరిగెత్తుకుంటూ వెళ్ళి వచ్చింది. "ఎల్లకిలానే ఉండాది" అని చెప్పి అవ్వ ఒళ్ళో కూర్చుంది. "ఇప్పుడు పెట్టు."

తెర మీద ఆ తండ్రి మళ్ళీ గంతులేశాడు. ముందు నవ్వింది పోలేరమ్మే. తర్వాత వెన్నెల.

తల్లులు వచ్చాక పోలేరమ్మే జరిగిందంతా చెప్పింది. "ఇంతకీ పిల్లలకి పనికొచ్చేదా, కాదా?" అని అడిగింది ఒకామె.

అక్క టీవీ కట్టేస్తూ అంది. "పనికొస్తాది. వేట లేని రోజయితే ఇంకా మేలు."

"చాల్లే మే," అంది పోలేరమ్మ. "వేట ఉన్న రోజే పెట్టు. కొడుకు ఒడ్డుకి వచ్చిందాకా నాకు ఇంట్లో ఏం తోస్తాది?"