సత్యవతి లెక్కపెట్టిన ఊపిరి

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది వానాకాలం. రామచంద్రపురంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఫ్లూ ఒక్కసారిగా ఊళ్ళ మీద పడింది. వరండాలో, మెట్ల మీద, బయట ఆగిన ఆటోల్లో, ఎక్కడ చూసినా దగ్గుతున్న పిల్లలే!

మామూలు రోజుల్లో మా డాక్టర్ రాధగారు జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ రాయరు. అది బాక్టీరియాకి మందు, వైరస్ మీద పనిచేయదు. కానీ ఆ వారం ఒక్కో బిడ్డనీ నిదానంగా చూసే వీలు లేక, ఎందుకైనా మంచిదని దాదాపు అందరికీ రాసేస్తున్నారు. చీటీలు తల్లులకి వివరించేది నేనే కాబట్టి నాకు తెలిసిపోయింది. ధైర్యం చేసి అడిగేశాను.

"మేడమ్, ఈ వారం మన చీటీలన్నీ ఒకేలా ఉంటున్నాయండి."

ఆవిడ కోప్పడలేదు. "నిజమే మెర్సీ, భయంతో రాసేస్తున్నాను" అన్నారు.

మర్నాడే ర్యాపిడ్ టెస్ట్ కిట్లు తెప్పించారు. ముక్కులోంచి నమూనా తీస్తే కాసేపట్లో ఫ్లూ అవునో కాదో చెప్పేస్తాయి. అవసరమైన పిల్లలకి ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు, మిగతావాళ్ళకి జ్వరం మందు. ప్రమాద సూచనలు వివరించి పంపడం నా పని.

ఆ రోజే సత్యవతి వచ్చింది. తీరంలో చేపలమ్ముకునే మనిషి. చంకలో నాలుగేళ్ళ కూతురు దేవి. టెస్టులో ఫ్లూ అని తేలింది.

"యాంటీబయాటిక్ రాయలేదేంటండి? మొన్న మా తోటికోడలి పిల్లకి రాశారు కదా!"

"ఇప్పుడు దాంతో పనిలేదమ్మా. మీరు మాత్రం ఒకటి చేయాలి." పాప గౌను పైకెత్తి, పొట్ట లేచి పడటం చూపించి, ఫోన్లో నిమిషం పెట్టి ఊపిరి లెక్కపెట్టించాను. "ప్రశాంతంగా ఉన్నప్పుడు నలభై దాటినా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా వెంటనే వచ్చేయండి."

ఆమె నమ్మినట్టు కనిపించలేదు. ఐదో రోజు పొద్దున్నే పాపనెత్తుకుని పరుగున వచ్చింది.

"జ్వరం పోయి ఆడుకుందండి. ఇవాళ తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి యాభై రెండండి! నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను, యాభై నాలుగు!"

ఆ మందు వద్దన్నది మేమే కదా! డాక్టర్‌గారు స్టెతస్కోప్ పెట్టి విని, ఎక్స్‌రే చూశారు. "నిమోనియా. ఫ్లూ వెనకే బాక్టీరియా చేరింది. యాంటీబయాటిక్ ఇవ్వాల్సింది ఇప్పుడే. ముందే ఇచ్చినా ఇది ఆగేదని చెప్పలేం. తొందరగా తెచ్చారు, అదే మంచిదైంది."

వెంటనే చేర్చుకున్నాం. మూడో రోజుకి దేవి ఇడ్లీ కావాలని పేచీ పెట్టింది. ఆ పేచీ వింటుంటే ఎగిరి గంతేయాలనిపించింది! డిశ్చార్జి రోజున సత్యవతి కోసం వెతికితే వరండాలో కనిపించింది. ఎవరో పసిబిడ్డ చొక్కా పైకెత్తి, వాళ్ళమ్మకి చూపిస్తోంది: "ఇదిగోండి, ఇక్కడ చూడాలి."

తల్లికి మందు ఎందుకు రాయలేదో చెబితే చాలదనీ, ఇంట్లో ఏం చూడాలో దగ్గరుండి నేర్పి పంపాలనీ నాకు తెలిసింది ఆ పాప వల్లే. అప్పట్నుంచి ఎంత రద్దీ ఉన్నా ఆ ఒక్క నిమిషం ఎవరికీ తగ్గించలేదు.