ఎద్దు లేవని పూట నేర్చిన లాటిన్

నా చిన్నప్పుడు, మదురైకి దక్షిణాన మా నల్లరేగడి ఊళ్ళో, ఒక ఉదయం మా కొట్టంలో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, అవ్వ, నేను, నిలబడ్డ ఎద్దు ఒకటి, పడుకున్న ఎద్దు ఒకటి. ఒక గంజి కుండ, వేపమండలు. తొలివాన పడి మూడు రోజులైంది. తడి ఆరకముందే విత్తాలి. ఒంటి ఎద్దుతో గొర్రు కదలదు.

నేను మిషన్ బడిలో చదివేవాణ్ణి. కంపెనీ దొరల కచేరీలో గుమాస్తా పనికి ఇంగ్లీషు కావాలని నాన్న చేర్పిస్తే, అక్కడ ముందు లాటిన్ నేర్పారు. అందులో సబ్‌జంక్టివ్ అనే క్రియారూపం నాకు ఎంతకూ కొరుకుడు పడలేదు. ‘వాన పడుగాక’ అనేదాన్ని ‘వాన పడింది’ అని, ‘దొంగ వస్తాడేమో’ అనేదాన్ని ‘దొంగ వచ్చాడు’ అని రాసేవాణ్ణి. నా అనువాదాల్లో జరగనివన్నీ జరిగిపోయేవి.

బడికి రాలేదేమని లాటిన్ చెప్పే మా వాద్యారు రెండు మైళ్ళు నడిచి వచ్చారు. ఆయనా మా తెలుగువాళ్ళే. ఎద్దును చూసి, తనకు పశువుల వైద్యం తెలియదని నాన్నతో చెప్పారు. తరువాత నా పక్కన గడ్డి మీద కూర్చున్నారు.

"తంబీ, పుస్తకం వద్దు. మీవాళ్ళు ఏమంటారో విని పలక మీద రాయి. తెలుగులోనే."

అవ్వకు అది నచ్చలేదు. "ఏమి వాద్యారే, మీ లాటిను వింటే మా ఎద్దు లేచేనా?"

"నాకే సగం తెలియదు అవ్వా. ఎద్దునెందుకు శ్రమ పెట్టేది."

జబ్బుపడ్డ పశువు ముందు దాని గతి గురించి మావాళ్ళు తెగేసి మాట్లాడరు, వింటుందని. నిన్ననే చూసుకుని ఉంటే బాగుండేదని నాన్న అన్నాడు. నాలుగు గుక్కలైనా తాగనీ అని అమ్మ అంది. రెండోదానికి కూడా అంటుకుంటుందేమో అని నాన్న మళ్ళీ అన్నాడు. అవ్వ దాని చెవి నిమురుతూ, "నా ఆయుసు పోసుకుని లేయిరా నాయనా" అంది.

రాస్తూ పోయాను. కోరిక, భయం, విన్నపం, జరగనిదాని మీద బెంగ. పలక నిండింది గానీ అందులో జరిగినది ఒక్కటీ లేదు. సబ్‌జంక్టివ్ అంటే చేతిలో ఏమీ లేనివాళ్ళు మాట్లాడే తీరని అప్పుడు తెలిసింది. వాద్యారు పలకంతా చదివారు. నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

మధ్యాహ్నానికి నాన్న తలపాగా విప్పి ఎద్దు ముఖం మీద కప్పాడు. "పోయింది" అన్నాడు. అది రాయమని వాద్యారు చెప్పలేదు. నేనూ రాయలేదు.

పెద్దయ్యాక భూముల సర్వేలో గొలుసు కొలతలు రాశాను. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయాలి. అయినా ఇంట్లో ఎవరైనా ‘తగ్గనీ’, ‘వస్తాడేమో’ అన్నప్పుడు నేను ఈనాటికీ లెక్క చెప్పి సరిదిద్దను. పక్కన కూర్చుంటాను.

ఆ ఎద్దు పోయాక పొరుగువాళ్ళ ఎద్దు మాకు ఒక్కరోజుకే దొరికింది. మా ఎనిమిది ఎకరాల్లో ఆ సంవత్సరం విత్తింది రెండే.