మైకు మరిది

మా మరిదిని పార్కులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మైకు అంటారు. పార్కు మధ్య చెరువులో కాళ్లతో తొక్కే పెడల్ బోట్లుంటాయి. ఆ బోట్ల రేవులో ఇరవై ఆరేళ్లుగా అతనిదే పెత్తనం. గంటకని టికెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లు గంటకే తిరిగొస్తే ఇది లోకమెందుకవుతుంది? నీళ్ల మీదికి వెళ్లాక ఎవరికీ గడియారం గుర్తుండదు. అప్పుడు మా మరిది రేవు చివర నిలబడి, "పదమూడో నంబరూ! టైమైపోయింది, వచ్చేయండీ!" అని ఒక్క కేక వేసేవాడు. అవతలి గట్టున బెంచీల మీద కునుకు తీస్తున్నవాళ్లు సైతం ఉలిక్కిపడి లేచేవారు. చిన్నప్పుడు తమ్ముడు చెవిలో చెప్పిన రహస్యాలు నాలుగిళ్ల అవతలికి తెలిసిపోయేవని మా ఆయన ఇప్పటికీ నవ్వుతుంటాడు.

మా బతుకూ ఆ పార్కులోనే. రేవుకి అరవై అడుగుల దూరంలో మాదో తిండి దుకాణం ఉంది. పొయ్యి దగ్గర మా ఆయన, టేబుళ్ల దగ్గర నేను. ఆయన చేతులకి పని, నా నోటికి పని. ఇరవై ఏళ్ల కాపురం అలాగే నెట్టుకొచ్చాం. ఎనిమిది టేబుళ్లు, వాటి మీద రంగుకి రెండు చొప్పున నాలుగు ముదురు రంగుల గుడ్డలు. ఆమ్లెట్లు, వేయించిన చేపలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేడి సూపు, టీ. ఆరుబయట కూర్చుని తింటే మామూలు ఆమ్లెట్టు కూడా రెండింతలు రుచిగా ఉంటుందని జనం అంటారు. అది మా ఆయన చేతి మహిమ అని ఆయన నమ్మకం. నేనెందుకు కాదనాలి?

చలి ముదిరిన మూడు నెలలూ చెరువు మూసేస్తారు. చలి తగ్గాక ఒక ఆదివారం చూసి తెరుస్తారు. ఆ రోజు నగరంలో ఇంట్లో ఉండేవాడు ఒంట్లో బాగోలేనివాడే. ఒక పక్క పూల ప్రదర్శన, పచ్చిక మీద బ్యాండు వాళ్లు, గట్టు చుట్టూ పిల్లల సైకిళ్లు, దుప్పట్లు పరుచుకుని ఇంటి నుంచి తెచ్చుకున్నవి తినే కుటుంబాలు. మూడు నెలలు నాలుగు గోడల మధ్య మగ్గిన జనం ఒక్కసారిగా ఎండ మీద పడతారు. చూడ్డానికి నాకు భలే సరదాగా ఉంటుంది. అరికాళ్లు పుళ్లు పడేలా తిరుగుతూ కూడా సరదాగానే ఉంటుంది.

కిందటేడు చలి మొదలవుతుండగా మా మరిది గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికేం భయం లేదు గానీ గొంతు ఇక పాతలా రాదన్నాడు డాక్టరు. "ఉన్న గొంతుతోనే రోజూ కాస్త కాస్త మాట్లాడండి, అదే బలపడుతుంది" అని మరీ మరీ చెప్పాడు. ఈ మహానుభావుడు వింటేనా! మొదటి వారం మాట్లాడాడు. కాగితం మీద కాగితం రుద్దినంత చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు తన చెవిన పడ్డాక నోరు మూశాడంతే. నాలుగు నెలలు. కావలసినవి కాగితం మీద రాయడం, తలూపడం, మా ఇంటి మేడ మీద తన గదిలోకి పోయి కూర్చోవడం.

నేను ఊరుకునే రకం కాదు. బతిమాలాను, తిట్టాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "గొంతు బాగోలేదని నోరు మూసుకుంటారా ఎవరైనా? ఇంట్లో నా వంట బాగోలేదని మీ అన్నయ్య తినడం మానేశాడా?" అన్నాను ఒకసారి. నవ్వు వచ్చింది అతనికి, మాట మాత్రం రాలేదు. నాకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉండేది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఆ రేవు, ఆ కేక తప్ప వేరే లోకం లేదు. కేక పోయింది. రేవు కూడా పోతే ఏమవుతాడు?

చెరువు తెరవడానికి పది రోజుల ముందు పార్కు మేనేజరు మా ఇంటికొచ్చాడు. చెడ్డవాడు కాదు. టీ తాగి, కప్పు కింద పెట్టి, "బోట్లు బాగుచేసే షెడ్డులోకి వచ్చేయ్. పాత రంగు గీకడం, కొత్త రంగు వేయడం. జీతం తగ్గదు. రేవులో ఇంకో మనిషిని పెట్టి, నిజం మైకు కొనిస్తాను" అన్నాడు.

ఆ షెడ్డు నేను చూశాను. గోదాం వెనక ఉంటుంది, ఒక్క కిటికీ, అదీ గోడ వైపుకి. మా మరిది కాగితం తీసుకుని, "ఒక్క ఆదివారం ఇవ్వండి" అని రాశాడు.

మేనేజరు ఆ కాగితం చదివి మడిచాడు. "సరే. తెరిచే ఆదివారం నీదే. బోట్లు టైముకి రావాలి. జనం నా దాకా గొడవకి రాకూడదు. వచ్చారో, సోమవారం నుంచి షెడ్డు. మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

తాడో పేడో ఆ ఒక్క రోజున తేలిపోవాలన్నమాట.

ఆ పది రోజులూ మా మరిది నిద్రపోయాడో లేదో నాకు తెలియదు. ఉన్నవి ఇరవై నాలుగు బోట్లు. వాటిని ఆరేసి చొప్పున నాలుగు జట్లు చేసి, ముక్కుల మీద రంగులు పూశాడు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. పావుగంటకో జట్టు బయలుదేరుతుంది. రేవు చివర ఒక స్తంభం పాతాడు. గంట కాగానే ఆ జట్టు రంగు గుడ్డ దాని మీద ఎగురుతుంది. ఎర్ర గుడ్డ కనిపిస్తే ఎర్ర బోట్లు వెనక్కి రావాలి. టికెట్టు కిటికీ దగ్గర పెద్ద బోర్డు మీద, "చెరువు చుట్టూ ఎక్కడ మీ రంగు గుడ్డ కనిపించినా వెంటనే తిరిగి రండి" అని రాసిపెట్టాడు. గుడ్డలు ఎక్కడివంటారా? నా దగ్గరివే. టేబుళ్ల మీద పరిచేవాటిలోంచి రంగుకొకటి అడిగి తీసుకున్నాడు. నేనే ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాను.

ఆదివారం వచ్చింది. పది గంటలకి ఎర్ర బోట్లు, పదీ పావుకి పసుపువి, అలా వరసగా కదిలాయి. పదకొండు కొట్టగానే స్తంభం మీద ఎర్ర గుడ్డ లేచింది. నేను చేతిలో నాలుగు ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒకటి తిరిగింది. రెండోది తిరిగింది. ఆరూ వచ్చేశాయి! "ఏమండోయ్, వస్తున్నాయి!" అని పొయ్యి వైపు అరిచాను. "ఏవీ, చేపలా? ఇంకా వేగలేదు" అన్నాడు మా ఆయన. పసుపువీ వచ్చాయి, నీలానివీ వచ్చాయి. ఒక్క కేక లేదు, గొడవ లేదు. గట్టు మీద మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. నాకు ఆ పూట నేల మీద కాళ్లు నిలవలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మా దుకాణం కిటకిటలాడింది. ఒక పెద్ద కుటుంబం నాలుగు టేబుళ్లు కలుపుకుని కూర్చుంది. తాతగారి పుట్టినరోజట. ఒకళ్ల మీదొకళ్లు పడి ఫొటో తీసుకోబోతే సూపు గిన్నె కాస్తా బోర్లా పడింది. నాలుగు గుడ్డలూ పాడయ్యాయి. నేను తిట్టుకుంటూ వాటిని లాగి, తొట్టిలో ముంచి, పిండి, దుకాణం గుంజకీ చెరువు గట్టు దీపస్తంభానికీ మధ్య కట్టిన తాడు మీద ఆరేశాను. పదేళ్లుగా నేను గుడ్డలారేసే తాడు అదే. గాలి బాగా తగులుతుంది. నాలుగూ నిండుగా విప్పి, మడత పడకుండా క్లిప్పులు కూడా పెట్టాను. పని శుభ్రంగా చేయడం నా జబ్బు.

చివరి క్లిప్పు పెట్టి తల తిప్పితే రేవు మీద మా మరిది కనిపించాడు. రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఊపుతూ నా వైపు పరిగెత్తుతున్నాడు. నోరు పెద్దగా తెరుచుకుంది. కేక వేస్తున్నాడు. చప్పుడు లేదు. కిందటేడైతే ఆ కేకకి నా చేతిలో గుడ్డ అక్కడే జారిపోయేది. ఏమైందో అర్థం కాక నేనూ చెయ్యి ఊపాను. దేవుడా, నిజంగానే ఊపాను!

అప్పుడు చెరువు వైపు చూశాను. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, అన్నీ తిరిగాయి. ఇరవై నాలుగు బోట్లూ, చెరువు నలుమూలల నుంచి, ఒకటే రేవుకి.

ఒక్క గుంజుతో గుడ్డలు లాగేశాను గానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆరు బోట్లు పట్టే రేవులో ఇరవై నాలుగు దూరాయి. ముక్కులు ముక్కులు గుద్దుకుంటున్నాయి. పిల్లలు కేరింతలు, పెద్దలు కేకలు. "పది నిమిషాలు కూడా కాలేదు, ఇదేం మోసం?" అని ఒక టోపీ పెద్దమనిషి బోటులో లేచి నిలబడ్డాడు. పడిపోబోయి కూర్చున్నాడు, కూర్చుని మళ్లీ అరిచాడు. గట్టు మీద టికెట్లకి నిలబడ్డవాళ్లు వాళ్లకి తోడయ్యారు. మేనేజరు రానే వచ్చాడు.

నేను తడిగుడ్డలు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. "తప్పు నాది సార్! నేనే ఆరేశాను! అతనికేం సంబంధం లేదు!"

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "మీరా? బుద్ధుందా అమ్మా మీకు? చెరువు గట్టున బట్టలారేయడమేంటి? రేపటి నుంచి మీ దుకాణమే ఉండదిక్కడ, చూస్తుండండి!"

నోట మాట రాలేదు నాకు. నాకు! మరిది ఉద్యోగం నా చేతులారా ఊడగొట్టాను, ఇప్పుడు దుకాణం కూడా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మా మరిది మా ఇద్దరి మధ్యకీ వచ్చాడు. రొప్పుతున్నాడు. జేబులో కాగితం తీస్తాడనుకున్నాను. తీయలేదు.

"తప్పు ఆవిడది కాదు సార్" అన్నాడు.

ఆ బొంగురు గొంతు మేనేజరుకి సరిగ్గా వినపడలేదు. తల ముందుకి వంచాడు. వెనకాల జనం ఇంకా అరుస్తున్నారు. ముందు వరసలో ఎవరో, "ఉష్, ఆగండి, ఏదో చెబుతున్నాడు" అన్నారు. ఆ ఊరుకోమనడం వెనక్కి పాకింది. టోపీ పెద్దమనిషి కూడా నోరు మూశాడు. ఆ గొంతు వినపడాలంటే అందరూ ఊరుకోక తప్పదు మరి.

"గుడ్డలు నేనే అడిగి తీసుకున్నా. ఆవిడ దగ్గర అవే రంగులు ఇంకా ఉంటాయని నాకు తెలుసు. ఆలోచించాల్సింది నేను. దుకాణం జోలికి వెళ్లకండి. నన్ను షెడ్డుకి పంపండి."

నాలుగు నెలల మాటలన్నీ అక్కడే ఖర్చు పెట్టేశాడు. మాట మాటకీ గొంతు తెగుతోంది. ఆగి, గుటక వేసి, బోట్ల వైపు తిరిగాడు. "ఎర్ర బోట్లకి ఇంకా ఇరవై నిమిషాలుంది. పసుపుకి ముప్పై అయిదు. నీలానికి యాభై. ఆకుపచ్చవాళ్లకి అయిదే ఉంది. అందరికీ ఇంకో పావుగంట కలుపుతున్నా. వెనక ఉన్నవాళ్లు ముందు కదలండి."

గడియారం చూడలేదు, పుస్తకం చూడలేదు. బోట్లలో జనం చెవులు ఇటు పెట్టి, ముందుకి వంగి విన్నారు. వెనక బోట్లకి వినపడకపోతే ముందు బోట్లవాళ్లు తిరిగి చెప్పారు. ఒకటొకటిగా వెనక్కి తిరిగాయి. పావుగంట ఎక్కువ దొరికేసరికి టోపీ పెద్దమనిషి అందరికన్నా హుషారుగా తొక్కాడు.

రేవు ఖాళీ అయింది. మేనేజరు కదల్లేదు. మా మరిది సోమవారం సంగతి వినడానికి సిద్ధమై, తల దించుకుని నిలబడ్డాడు. నేను తడిగుడ్డల్ని గుండెకి అదుముకుని నిలబడ్డాను. నా జాకెట్టంతా తడిసిపోయింది.

"నా దాకా గొడవ రాకూడదన్నాను" అన్నాడు మేనేజరు. "వచ్చింది. మరి నేను తీర్చాలిగా? నాకు ఆ పని మిగల్చలేదు నువ్వు." చెరువు వంక చూసి, "రేపు ఏడింటికి రేవు దగ్గరుండు. ఆ తాడు మాత్రం సాయంత్రానికి కనపడకూడదు" అని నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

నేను అక్కడే చెక్కల మీద కూలబడ్డాను. "నీ కొంప ముంచేశాననుకున్నా కదయ్యా! గుడ్డిదాన్ని, బుద్ధిలేనిదాన్ని" అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మా మరిది పక్కన వచ్చి కూర్చున్నాడు. గొంతు నొప్పి పుట్టిందేమో, మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. నేను అతని నోటి దగ్గరికి చెవి పెట్టాను.

"ఇరవై ఆరేళ్లు అరిచాను వదినా" అన్నాడు. "ఒక్కసారి కూడా బోట్లన్నీ రాలేదు."