కళ్ల దాకా కొలిచిన సిపాయి

నా కొలతల పుస్తకంలో చివరి పేజీలు కస్టమర్లవి కావు. నన్ను అన్న మాటలవి. ఎవరన్నారు, ఎక్కడన్నారు, అప్పుడు ఎవరెవరు నవ్వారు, అన్నీ రాసి పెట్టుకుంటాను. ఆ పేజీల్లో ఎక్కువ జాగా ఒక డ్రాయింగ్ సార్‌ది. ఆయన అన్నది ఒక్క మాటే అయినా.

పాలమూరులో నేను యూనిఫాంలు కుడతాను. పోలీసులకు, హోంగార్డులకు, అడవి శాఖ వాళ్లకు. తెలంగాణ వచ్చిన తర్వాతి ఏడో, ఆపై ఏడో ఒక బ్యాంకాయన వచ్చి కటింగు బల్ల మీద అరచేతిలో పట్టే మిలిటరీ లారీ ఒకటి పెట్టాడు.

"మాస్టర్, దీనికి టార్పాలిన్ కుట్టాలె."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. చిన్న డబ్బాలోని దూది విప్పి ఒక లోహపు సిపాయిని తీసి లారీ పక్కన నిలబెట్టాడు. పెద్ద బల్ల మీద ఇట్లాంటి సైన్యాలను పరిచి, పాచికలు వేసి, అడుగులు టేపుతో కొలుచుకుంటూ ఆడే యుద్ధం ఆట ఒకటుందట. దానికోసం ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటున్నాడు.

నేను కాజాలు చూసుకునే భూతద్దం తీసి సిపాయి మీద పెట్టాను. అప్పటి నా ఒళ్లు నాకింకా గుర్తుంది. చేతి మీద వెంట్రుకలు లేచాయి. బొటనవేలి పై కణుపంత లేని మనిషికి కాలరుంది. కాలరు అంచున కుట్టుంది. జేబు మూతకు గుండీ, మోచేయి వంచిన చోట ఖాకీ పడే ముడతలు మూడు, సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ పెట్టె కింద నేను చూస్తున్న ముడతలవి. వాటిని ఇంత చిన్నగా చెక్కిన మనిషి ఎవరో, ఏ దేశం వాడో, వాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

టార్పాలిన్ కుట్టి ఇచ్చాను. అంతటితో ఆగలేదు, నేనూ ఒక లారీ, పదిమంది సిపాయిలను తెప్పించుకున్నాను. లారీ పెట్టె మీద అసలు బండిలో యాభై ఆరో వంతు అని ఉంది. సిపాయిల పెట్టె మీద ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లని ఉంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయని అమ్మినవాడి మాట. సిపాయిని లారీ పక్కన పెట్టాను. బానెట్ వాడి నడుము దాటి కాస్తే పైకి వచ్చింది. తలుపు దగ్గర పెడితే భుజాలు పట్టవు.

ఊరుకుంటానా? బ్యాంకాయనతో ఇంగ్లీషులో టైపు చేయించి కంపెనీకి ఫిర్యాదు పంపాను. జవాబొచ్చింది: మా కొలత పాదం నుంచి కళ్ల దాకా, నడినెత్తి దాకా కాదు.

కళ్ల దాకా! కళ్ల పైన ఉన్నది ఎవరిది మరి? కస్టమర్ తలను లెక్కలోకి తీసుకోనని ఏ టైలరైనా అంటాడా? ఇంకో కంపెనీ నడినెత్తి దాకా కొలుస్తుందట. మరొకటి బొమ్మ నిలబడటానికి కాళ్ల కింద ఉండే పళ్లేన్ని కూడా కలిపేసుకుంటుంది. వాటివీ తెప్పించాను. మూడు పెట్టెల మీదా ఒకటే అంకె, లోపల ముగ్గురు అన్నదమ్ములన్నా కాని మనుషులు. ఒక్కొక్కడికి నా పుస్తకంలో ఒక పేజీ తీశాను. ఎత్తు, భుజం, చెయ్యి, తల. తలలు మరీ పెద్దవి. మామూలు మనిషి ఏడు తలల పైచిలుకు ఎత్తుంటాడు, వీళ్లు ఐదున్నరకు ఆగిపోయారు. పదకొండు ఫిర్యాదులు పంపాను.

అయినా వాటితోనే ఒక దృశ్యం కట్టాను. కోస్గి దారిలో తెచ్చిన ఎర్రమట్టిని గుడ్డతో జల్లించి నేల చేశాను. ఎండలో ఆగిన లారీ, దాని చుట్టూ సిపాయిలు. ఏటా ఫంక్షన్ హాల్లో జరిగే బొమ్మల ప్రదర్శనకు తీసుకెళ్లాను. బాగున్నవాటిని పెట్టే పెద్ద బల్ల మీదికి ఏది ఎక్కాలో తేల్చేది డ్రాయింగ్ సార్. కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"మాస్టర్, నీ సిపాయి లారీ ఎక్కుతడా, లారీని సంకల పెట్టుకొని పోతడా?"

హాలంతా నవ్వింది. నా దృశ్యాన్ని చెప్పులు విడిచే చోట కిటికీ గట్టు మీద పెట్టించాడు. చెప్పుల పక్కన! ఆ తర్వాత ఆయన ప్యాంటు మడత ఊడిందని వస్తే సూది ముట్టలేదు. ఏదో ఒక ఏడు ఆయన చేతులతోనే నా లారీ పెద్ద బల్ల ఎక్కాలి. మూడేళ్లు నా మనసులో ఇంకోటి లేదు.

కొన్న లారీలు లాభం లేదని నేనే అట్టతో చేద్దామనుకున్నాను. మా దుకాణం పక్కన పంక్చర్లు వేసే భాయ్ ఒకప్పుడు ఫౌజీ. మంచు కొండల్లో మిలిటరీ లారీ నడిపినవాడు. బండి కొలతలు అడిగాను.

"కాయితాలేమో నాకు తెల్వయి మాస్టర్. బానెట్ ఈడికి వస్తుండె," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఫుట్‌బోర్డు గీడికి. స్టీరింగు పట్టుకుంటే మోచేయి గిట్ల."

సరే, నాకు వచ్చిన పని అదే కదా. టేపు తీసి భాయ్ ఒంటి మీద లారీకి కొలతలు తీసుకున్నాను. గాలిలో తలుపు తెరిచాడు, గాలిలో గేరు మార్చాడు, నేను టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగాను.

"చక్కిలిగిలి పెడుతున్నవ్ మాస్టర్, జర ఆగు. గింత కొలత నా నిఖాకు గూడ తీయలే!"

అన్నీ యాభై ఆరుతో భాగించి అట్ట కత్తిరించాను. అంచుకు అంచు ఆనించి అతికించి, ఆకుపచ్చ రంగు వేసి, పాత దృశ్యంలోని ఎర్రమట్టి మీద పెట్టాను. సిపాయిని పక్కన నిలబెట్టాను. బానెట్ రొమ్ము దాకా వచ్చింది. ఇంకొకణ్ని తలుపులో పెట్టాను. భుజాలు పట్టాయి.

భాయ్ కింద కూర్చుని, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకుని, ఒక్క వేలితో ఫుట్‌బోర్డును తాకాడు.

"గిదే నా బండి," అన్నాడు. "లోపల కూసుంటే చలి గూడ కొడతది."

నేనూ ఆయన పక్కన కూర్చుని చూశాను. లారీ లారీ అయింది. ఎర్రమట్టి పాలమూరు బయట ఏదో రోడ్డయింది. సిపాయి ఇప్పుడే కాలెత్తి ఎక్కబోతున్నాడు. అట్ట, జిగురు ఎటు పోయాయో తెలియలేదు.

తర్వాత, నా బుద్ధి ఊరుకోదు కదా, స్కేలు పెట్టి కొలిచాను. ప్రతి ముక్కా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. భాయ్ కొలతలు చూశాను, భాగహారం మళ్లీ చేశాను. తప్పు లేదు. అప్పుడు నా కత్తెర గుర్తొచ్చింది. గీత మీద కోయడం దానికి రాదు. గీత బయట కుట్టు కోసం మార్జిన్ వదిలి కోస్తుంది. బట్టకైతే ఆ మార్జిన్ లోపలి మడతలోకి పోతుంది. అట్టకు మడతేదీ? మార్జినంతా బండికే మిగిలింది.

పదకొండు ఫిర్యాదులు పంపినవాణ్ని, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ కలిపేసుకున్న బండి చేశాను. కొత్తది చేద్దామని అట్ట మళ్లీ ముందేసుకున్నాను. కానీ తప్పు కొలత బండి ఎందుకు సరిపోయింది? భూతద్దం తీసి సిపాయిని మళ్లీ చూశాను. తుపాకీ గొట్టం చెయ్యంత లావు. అసలు వంతుకు చేస్తే పట్టుకోగానే విరుగుతుంది. తల పెద్దది, బల్ల అవతలి నుంచి ముఖం కనబడాలి కదా. షర్టు మందం. కాళ్ల కింద పళ్లెం, సరిగ్గా రెండు మిల్లీమీటర్లు. ఎక్కడో కూర్చుని ఈ సిపాయిని చెక్కిన ఆ మనిషి చేయి కూడా గీత బయటే కోసింది. నాలాగే లూజు వదిలాడు. సముద్రాల అవతలి ఒక చేతిని నా బల్ల మీద గుర్తుపట్టినట్టయింది.

కొత్తది చేయలేదు.

ప్రదర్శన రోజు ప్రతి బొమ్మ ముందూ దాని వంతు రాసిన చీటీ ఉండాలి. యాభై ఆరో వంతని రాస్తే అబద్ధం. "ఈ సిపాయిలకు కొలిచి కుట్టిన లారీ" అని రాశాను.

డ్రాయింగ్ సార్ స్కేలు పట్టుకొచ్చాడు. బానెట్ కొలిచాడు, చీటీ చదివాడు.

"యాభై ఆరో వంతు లెక్కకు ఎక్కువున్నది మాస్టర్."

"ఎక్కువే సార్. కత్తెర తప్పు. నాదే."

నా నోటి నుంచి ఆ మాట విని ఆయనే తడబడ్డాడు. స్కేలు జేబులో పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు వేసి వంగాడు. కళ్లు సిపాయి కళ్ల ఎత్తుకు వచ్చాయి. హాల్లో గోల నడుస్తూనే ఉంది. ఆయన మాత్రం లేవలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు, ఎర్రమట్టి ఎగిరిపోతుందేమోనన్నట్టు.

"ఎక్కుతడు," అన్నాడు చివరికి, తనలో తాను. "ఎక్కుతున్నడు."

రెండు చేతులతో ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ తీసుకెళ్లి పెద్ద బల్ల మీద పెట్టాడు.

మధ్యలో కాదు, కుడి చివరన. ఆ సంగతి కూడా రాసి పెట్టుకున్నాను. కానీ ఆ వారమే ఆయన ప్యాంటు కుట్టడానికి తీసుకున్నాను.