సజ్జ దులిపే రోజు అత్త అడిగే ప్రశ్న

మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. బావ ఫోన్ చేసేసరికి నేను నా మడిగెలో, అంటే నా రిపేరు దుకాణంలో కూర్చుని ఎవరో విద్యార్థి తెచ్చిన లాప్‌టాప్ విప్పుతున్నాను. "అమ్మ పోయిందే. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది, మళ్ళ లేవలే. జర జల్ది రా," అన్నాడు. విప్పిన మరలన్నీ చిన్న పళ్ళెంలో ఉన్నాయి. వాటిని అక్కడే వదిలేసి, షట్టర్ దించి, దొరికిన ఆటో ఎక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు. నేను దించి వచ్చిన ఆ షట్టర్ ఆమె మొండితనం వల్లనే నాదైందన్న సంగతి ఒక్కటే తలలో తిరుగుతూ ఉంది.

అమీర్‌పేటకు కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల కోసం అత్త హాస్టల్ నడిపేది. కింద ఆమె ఉండేది, పై రెండు అంతస్తుల్లో పిల్లలు. మామ ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో పనిచేసి, రిటైరైన కొన్నాళ్ళకే పోయాడు. నేనూ అలా కోర్సుకు వచ్చినదాన్నే, కాకపోతే ఫీజు కట్టకుండా తిన్నదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను, ఉద్యోగం రాలేదు. ఆ ఖాళీ రోజుల్లో హాస్టల్ పిల్లల లాప్‌టాప్‌లు విప్పి బాగుచేయడం అలవాటై, చివరికి ఒక రిపేరు షాపులో జీతానికి కుదిరాను.

మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే అత్త సంతోషపడుతుందనుకున్నాను. ఆమె చీర మార్చుకుని, "నడువు, పంజాగుట్ట పోదాం," అంది. అక్కడ ఒక పాత కాంప్లెక్సు మేడమీద మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. నా పేరున నెలనెలా కొంత ఫండులో పడేటట్టు ఏర్పాటు చేయిస్తూ అత్త ఆయన్ని అడిగింది.

"గిది దేనికోసమో రాసుకోవా సారూ?"

"ఎందుకనేది రాయనక్కర్లేదండీ."

"నువ్వు రాసుకోకున్నా నేను చెప్తున్న. గిది మడిగె కోసం. దీనికి సొంత మడిగె కావాలె. ఒకని కింద ఎన్ని దినాలు చేస్తది?"

ఆయన నవ్వి తలూపాడు. నా సొంత దుకాణం అనే మాట అదే మొదటిసారి వినడం. అంతకుముందు నేను కూడా అనుకోలేదు.

అత్తకు మార్కెట్ గురించి గొప్పగా ఏమీ తెలియదు. ఫండ్ల పేర్లు కూడా గుర్తుండేవి కావు. పెద్ద కంపెనీలది, చిన్న కంపెనీలది, మామ కొన్నది, అని పిలిచేది. లెక్కలు ఏజెంటు చూసేవాడు. ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది మాత్రం ఆమె ఏడాదికి ఒకే రోజు తేల్చేది. ఆ రోజు సజ్జ దులిపే రోజు.

దసరాకు పిల్లలంతా ఊళ్ళకు పోయి హాస్టల్ ఖాళీ అయ్యేది. అప్పుడు వంటింట్లో అటకలాంటి సజ్జ మీది సామానంతా కిందికి దిగేది. మూత పోయిన కుక్కర్లు, పిల్లలు వదిలేసి పోయిన బకెట్లు, పరుపులు, కాలు విరిగిన కుర్చీలు. బావ నిచ్చెన మీద, నేను కింద, అత్త మధ్యలో పీట వేసుకుని. ఒక్కో వస్తువు చేతికి రాగానే అడిగేది.

"గిది మనింట్ల లేదనుకో. ఇయ్యాల బజారుకు పోయి కొంటమా?"

కొంటాం అంటే తుడిచి మళ్ళీ పైకి. కొనం అంటే పాత సామాను కొనే కబాడీ వాడికి. ఎటూ తేలకపోతే మెట్ల కింద ఇంకో ఏడాది పడి ఉండేది. "ఎంత పెట్టి కొన్నమో తెలుసా అమ్మా," అని బావ అడ్డుపడితే, "పెట్టింది పాయె. ఇప్పటి ముచ్చట చెప్పు," అనేది.

సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతోనే చాయ్ తాగుతూ ఏజెంటుకు ఫోన్ కలిపేది. ఒక్కో ఫండు గురించి అదే ప్రశ్న. ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ కొనమంటావా సారూ? ఆయన నసిగితే దాంట్లో కొత్త డబ్బు ఆపేసి వచ్చే దసరా దాకా చూసేది. అంతే ఆమె విద్య. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ ఆ ఫోన్లు విని విని నాకు భయం తగ్గింది.

రెండింటికి మాత్రం ఆ ప్రశ్న లేదు. సజ్జ మూలన మామ స్కూటర్ తాలూకు స్టెప్నీ టైరు ఉండేది. స్కూటర్ ఎప్పుడో అమ్మేశారు, టైరు మిగిలింది. దాన్ని దించేవాళ్ళం, తుడిచేవాళ్ళం, ఎక్కించేవాళ్ళం. ఎవరూ ఏమీ అడగకూడదు. రెండోది మామ కొన్న ఫండు. అది ఏళ్ళ తరబడి మిగతావాటి వెనకే కాళ్ళీడుస్తూ ఉంది. "అమ్మేసి మంచిదాంట్లో వేద్దామండీ మేడమ్ గారూ," అని ఏజెంటు ఏటా అనేవాడు. "ఆయన కొన్నడు సారూ," అని అత్త ఏటా అనేది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "గిది తప్పే. నాకెరుకనే. నువ్వు నేర్సుకోకు," అనేది.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు షాపు మూతపడింది, నా జీతం ఆగింది. ఫోన్ తెరిస్తే నా ఫండు అంతా నష్టాల ఎరుపే. ఒక రోజు గుండె చిక్కబట్టుకోలేక అత్త దగ్గరికి వచ్చి, అమ్మేస్తున్నాను అని చెప్పాను. హాస్టల్ అంతా ఖాళీ. అత్త అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఆమె ముందు ఖాళీ కడుపుతో ఎవరూ ఏదీ తేల్చకూడదు, అది ఇంటి చట్టం. తిన్నాక అడిగింది.

"దేనికోసం కొన్నవ్?"

"మడిగె కోసం."

"ఇప్పుడు మడిగె తీస్తున్నవా?"

"ఊరంతా బంద్ ఉంటే మడిగె ఏడ తీస్త అత్తా?"

"మరెందుకు అమ్ముతవ్?"

"భయమైతుంది."

"అయితది. నాకు సుత అయితుంది. తిండికి ఫికర్ చెయ్యకు, పిల్లల కోసం తెచ్చిన బియ్యం మస్తున్నయ్. నెలనెలా కట్టేది ఆపెయ్యి. ఉన్నదాన్ని మాత్రం ముట్టకు."

నేను ముట్టలేదు. ఊరు తెరుచుకుంది, షాపు తెరుచుకుంది, ఆ ఎరుపు కూడా మెల్లగా పోయింది. ఇది అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. అత్త కూడా ఎప్పుడూ అలా చెప్పలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నిరుడు ఎస్.ఆర్. నగర్ వైపు సందులో ఒక మడిగె ఖాళీ అయింది. హాస్టళ్ళ మధ్య, ఎటు చూసినా లాప్‌టాప్ సంచులు వేసుకున్న పిల్లలే. అడ్వాన్సుకు, పనిముట్లకు నా ఫండు సరిపోతుంది. ఓనరు వారంలో చెప్పమన్నాడు. నాకేమో చేతులు రాలేదు. పెరుగుతున్నదాన్ని ఎలా అమ్మడం? ఇంకో ఏడాది ఉంచితే ఇంకా పెరుగుతుంది కదా.

అప్పటికే అత్తకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. మంచం మీద నుంచే నా లెక్కలన్నీ విని, "నీకు మడిగె కావాల్నా, ఫండు కావాల్నా?" అంది.

"ఇంకో ఏడాది ఆగుదామత్తా."

"వచ్చే ఏడాది సుత గిదే అంటవ్. పడ్డప్పుడు భయమైతది, పెరిగినప్పుడు ఆశైతది. మడిగె ఎప్పుడు తీస్తవ్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నాకు చెప్తవు గని, నువ్వు మామ ఫండు అమ్మినవా?" అన్నాను.

అత్త పకపకా నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చి, నీళ్ళు తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున నేను చాయ్ తెచ్చేసరికి తల దువ్వుకుని కూర్చుని ఉంది. "ఆటో పిలువు. పంజాగుట్ట పోదాం," అంది.

ఏజెంటు ఆఫీసు మెట్లు ఎక్కే ఓపిక ఆమెకు లేదు. ఆయనే కిందికి దిగి వచ్చి ఆటో పక్కన నిలబడ్డాడు. మామ ఫండు అమ్మెయ్యమని అత్త చెప్పగానే ఆయన, "నిజంగానా అండీ?" అని రెండుసార్లు అడిగి, తన ఫోన్లో నొక్కాడు. అత్త ఫోన్‌కు ఓటీపీ వచ్చింది.

"అంకెలు చెప్పండి మేడమ్ గారూ."

అత్త ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. వెనక బస్సులు హారన్ కొడుతున్నాయి, ఆటో అతను గొణుగుతున్నాడు. అంకెల గడువు దాటిపోయింది. మామ ఈ ఫండు కొన్న రోజు ఇంటికి ఎలా వచ్చాడో, ఏమన్నాడో నాకు తెలియదు. ఆమెకు మాత్రం ఆ రోజు కళ్ళ ముందు నిలబడి ఉంటుంది. వద్దులే అత్తా, వెళ్దాం అనబోయాను.

"అది పాయె సారూ. ఇంకోటి పంపియ్యి," అంది.

రెండోసారి వచ్చిన అంకెలు ఒక్కొక్కటీ గట్టిగా, స్పష్టంగా చదివింది. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"నాది అయిపాయె. ఇగ నీ వంతు."

నేను అక్కడే, ఆ ఆటోలోనే నాది అమ్మాను.

ఇంటికి వచ్చే దారిలో, "ఫండు అమ్మిన గని, టైరు జోలికి రాకుండ్రి," అని గట్టిగా చెప్పింది. ఆ డబ్బుతో హాస్టల్‌కు పెద్ద వాషింగ్ మెషిన్ కొంది. మేడ మీద బండకేసి బట్టలు ఉతుక్కునే పిల్లలు దానికి 'అంకుల్ మెషిన్' అని పేరు పెట్టారు. అది తిరిగే చప్పుడు వింటూ అత్త మధ్యాహ్నాలు నిద్రపోయేది. నా మడిగె తెరిచిన రోజు ఆటోలో వచ్చి, దిగకుండానే బోర్డు చదివి, నన్ను రమ్మని సైగ చేసి, చెంపలు నిమిరి వెళ్ళింది.

పదో రోజు కర్మ అయ్యాక బావ, నేను సజ్జ దులిపాం. దసరా కాదు, అయినా దులిపాం. పీట ఖాళీగా ఉంది, ఆ ప్రశ్న బావే అడుగుతూ వచ్చాడు. చివరికి మూలన ఉన్న టైరు లాగాడు. దాన్ని పట్టుకుని నిచ్చెన మీదే చాలాసేపు నిలబడ్డాడు.

"గిది మనింట్ల లేదనుకో," అన్నాడు. టైరు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "ఇయ్యాల బజారుకు పోయి కొంటమా?"

"కొంట బావా," అన్నాను.

ఇప్పుడది నా మడిగె ముందు ఉంది. మీద పాత పరుపు ముక్క కుట్టించి వేశాను. పంక్చర్లు కూడా వేస్తారా అక్కా అని అడిగి నవ్వుతారు పిల్లలు. ఆ నవ్వుతోనే లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని, తమ వంతు వచ్చేదాకా దాని మీదే కూర్చుంటారు.