ఆర్చి కింద అత్తగారు

అరవై ఏడో, అరవై ఎనిమిదో సరిగ్గా గుర్తులేదు. నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు వానలకి మా లూథరన్ గుడి ముందుగోడ పడిపోయింది. పార్వతీపురానికి ఆమడ దూరంలోని ఆ ఊళ్లో మా మావగారు ఉపదేశి. ఆదివారం ప్రార్థన నడిపేదీ, గంట కొట్టేదీ ఆయనే. ఆ గుడి తెల్లదొరలు కట్టించింది. మూరెడు మందం మట్టిగోడలు, పైన పెంకులు, పక్కకి మూడేసి చిన్న కిటికీలు. గంట మాత్రం బయట రెండు తాటిగుంజల మధ్య వేలాడేది.

ఈసారి ముందుగోడని ఇటుకతో కట్టి, గుమ్మం మీద ఆర్చి తిప్పాలని సంఘపెద్దలు అనుకున్నారు. శ్రీముఖలింగం వైపు నుంచి ఒక ముసలి తాపీమేస్త్రీ వచ్చాడు. కోవెలలకి మరమ్మతులు చేసిన చెయ్యి. దూలం అక్కర్లేదన్నాడు. వంపు తిరిగిన చెక్క చట్రం నిలబెట్టి, దానిమీద గానుగ సున్నంతో ఇటుకలు పేర్చాడు. ఆ ఇటుకలన్నీ మోసింది మా ఆడవాళ్లమే. అందరికంటే ముందు మా అత్తగారు నడిచేది.

సున్నం గట్టిపడ్డాక ఒక ఉదయం చట్రం ఊడదీశాడు. పైనుంచి కాస్త ఇసక రాలింది. సంఘపెద్దలు వీధిదాకా వెనక్కి జరిగారు.

"దూలం నేకుండా ఆగుతాదేటి?" అన్నాడొకాయన.

"ఎవులైనా దాటి సూడండి," అన్నాడు మేస్త్రీ. ఎవరూ కదల్లేదు.

మగవాళ్ల ముందు ఎన్నడూ నోరు విప్పని మా అత్తగారు తిన్నగా వెళ్లి ఆర్చి కింద చతికిలబడింది.

"లెగు, ఇవతలికి రా," అన్నారు మావగారు.

"మేం మోసిన ఇటికలే గదా. మా మీదెందుకు పడతాయి?"

మేస్త్రీ నవ్వి ఆమెకి కాస్త ఎడంగా కూర్చున్నాడు. చుట్ట తీశాడు గానీ, ఇది గుడి అని గుర్తొచ్చి మళ్లీ రొంటిన దోపుకున్నాడు. నేనూ వెళ్లి అత్తగారి పక్కన చేరాను. నా వెనకే మిగతా ఆడవాళ్లు. ఎవరో పాట ఎత్తుకున్నారు. మావగారు ఉండబట్టలేక గంట కొట్టేశారు.

వారం మధ్యలో గంట మోగితే మా ఊళ్లో చావుకబురే. పొలంలో వరి ఉడుపుల్లోంచి ఒక కాపు ఇల్లాలు బురదకాళ్లతో పరిగెత్తుకొచ్చింది.

"ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదు. ఆర్చి నిలబడినాది," అంది అత్తగారు.

ఆవిడ రొప్పుతూ పైకి చూసింది. "దీనికా నన్ను పరిగెట్టించినారు? జరగండి, ఓపాలి నేనూ కూకుంటాను."

ఆ పూట లోపలికి వెళ్లాలంటే సంఘపెద్దలు మమ్మల్ని దారి అడగాల్సి వచ్చింది.