తెల్లముఖం మీద కుళ్ళు

ఇది మా ఊరి ఆడవాళ్ళ చెవిన పడకూడదు సుమండీ. కొయ్యముఖాల వెనక ఉండేవి ఆత్మలేనని వాళ్ళకి చెప్పాం, అలాగే ఉండనివ్వండి. ఆ ముఖాల కింద తొడిగే పీచు చొక్కాలు అల్లేది నేనే కనక, ఏ ముఖంలో ఏ తల దూరిందో నాకు తెలుసు.

మా చెల్లెలు కబెది మొగుడు ఎబొండో. వాడికి ఎప్పుడూ తెల్లముఖమే ఇచ్చేవాళ్ళు. అది ఆడది, తురాయి ఉండదు, మెల్లగా అడుగులేసి ఊరిని చల్లబరుస్తుంది. ఎరుపూ నలుపూ చారల ఎత్తు తురాయి ముఖం వాడి పినతండ్రి కొడుకు కిసింబది. అది రంకెలేస్తూ జనం మీదికి దూకుతుంది. తురాయి ఎంత ఎత్తయితే అంత శక్తి.

"వాడి కాళ్ళేమన్నా బంగారమా బావా? నేను దూకలేనా?" అని నా పాకలో కూర్చుని ఎబొండోది ఒకటే ఏడుపు. కల్లు పడితే మరీనూ. ఆట చూసొచ్చిన కబెదేమో "అమ్మో, ఆ తురాయిది దూకితే గుండె జారిపోయిందనుకో!" అనేది. తెల్లదాని ఊసే ఎత్తేది కాదు. అదీ వాడి కడుపుమంట.

ఊరిపెద్ద చనిపోయిన ఏడు, కర్మ ఆటకి ముందు కిసింబ కాలు బెణికింది. ఎవరికే ముఖమో తేల్చే మా గురువు ఎబొండోని పిలిచాడు.

"ఆలోచించుకోరా. తురాయి కింద చెమటోడ్చిన తల మళ్ళీ తెల్లముఖంలో దూరడానికి లేదు."

వీడికి చెవులెక్కడున్నాయి! ఎగిరి గంతేశాడు. తెల్లముఖం కలోంబో అనే కొత్తవాడికి పోయింది.

అబద్ధమెందుకు, ఎబొండో ఆ రోజు అదరగొట్టాడు. సాయంత్రం మా ఇద్దరికీ బుకారి సంకటి ముద్దలు పెడుతూ కబెది మొహం ముడుచుకుని ఉంది.

"తురాయిది ఎలా ఆడిందే?" ఆగలేకపోయాడు వీడు.

"ఎప్పట్లాగే, భయపెట్టింది. కానీ అన్నయ్యా, తెల్లముఖంలోకి ఇవాళ ఆ తల్లి రాలేదు. నా బిడ్డ పోయాక ఆవిడ ఆట చూస్తేనే నాకు కంటిమీద కునుకు పట్టేది. పైకి అంటే దిష్టి తగులుతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

ముద్ద ఎబొండో చేతిలోనే ఉండిపోయింది. ఆ తల్లి తనేనని చెబితే ముఖాల ముందు వేసిన ఒట్టు పోతుంది.

మర్నాడు వెళ్ళి గురువు కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన కుదరదన్నాడు, ఇక తురాయే నీదన్నాడు. ఇప్పుడు వీడి కుళ్ళంతా కలోంబో మీద. వాడు తడబడితే వీడికి పండగ.

నిన్న పాకకొచ్చి కూలబడ్డాడు.

"బావా, మీ చెల్లెలు ఆట చూసొచ్చి తురాయిదాన్ని తెగ మెచ్చుకుంది."

"మంచిదేగా!"

"తెల్లదాని గురించి మాత్రం మళ్ళీ నోరు మూసుకుంది బావా" అన్నాడు.